మధ్య గుంజ

2005 ఫిబ్రవరి ఆరో తేదీ ఉదయం ప్రత్తిపాడు శివారులో మూతబడిన జిన్నింగ్ మిల్లు ఆవరణలో గంగ అనే ఆడ ఏనుగు మేత ముట్టలేదు. ముందు రోజు వేసిన జొన్న చొప్ప వేసిన చోటే ఉంది. అరటి బోదెలు తెచ్చి పెట్టారు. ఒకదాన్ని తొండంతో అటూ ఇటూ తిప్పి వదిలేసింది.

దాన్ని చూసుకునే మనిషి ఖాదర్‌బీ. నలభై ఆరేళ్లు. ఆమె భర్త ఒక చిన్న సర్కస్‌లో మావటి. అతను పోయాక అంకుశం ఆమె చేతికి వచ్చింది. ఏనుగులు ఇంకొకరి మాట వినలేదు కాబట్టి యజమాని అడ్డు చెప్పలేదు. నిరుడు మే నెలలో ప్రత్తిపాడులో ఆటలు జరుగుతుండగా గాలివానకు డేరా చినిగి సర్కస్ మూతబడింది. యజమాని ఊరు వదిలి వెళ్లాడు. సర్కస్‌లోని మూడు ఆడ ఏనుగులను అటవీ శాఖ స్వాధీనం చేసుకుంది. వాటిలో జమున, చిట్టి నల్లమల అంచున ఉన్న శిబిరానికి వెళ్లాయి. గంగ మిల్లులో ఉండిపోయింది.

ఏ రెండు వెళ్లాలో చెప్పింది ఖాదర్‌బీయే.

రేంజి అధికారి శరత్‌చంద్ర ఆగస్టులో మిల్లుకు వచ్చినప్పుడు ఆ మాట అడిగాడు.

"శిబిరంలో ఇప్పటికి రెండింటికే చోటుందమ్మా. ఇంకో షెడ్డు వేశాక మూడోదాన్ని తీసుకెళ్తాం. విడదీస్తే బెంగ పెట్టుకుంటాయంటారు. వీటిలో ఏ రెండు కలిసుంటాయి?"

ఆమె అతన్ని మిల్లు వెనక్కి తీసుకెళ్లింది. వాన వెలిసింది. తుమ్మచెట్ల కింద జమున, చిట్టి ఒకదాని పక్కన ఒకటి గడ్డి పీకుతున్నాయి. ఒకటి పీకి దులిపిన గడ్డిని ఇంకోటి అందుకుంటోంది. గంగ దూరంగా వాగు గట్టు మీద, వాటికి వీపు పెట్టి మేస్తోంది.

"చూడండి సార్. ఆ రెండూ ఒక జట్టు. పెద్దదానికి ఎవరూ అక్కర్లేదు. దాని బతుకు దానిది."

"ఎప్పుడూ ఇంతేనా?"

"వదిలేస్తే ఇంతే."

ఆమె చెప్పింది అబద్ధం కాదు. ఆ సర్కస్ ఏటా వానాకాలం ఆటలు ఆపేది. ఏనుగులను పొన్నూరు వైపు తోలుకెళ్లి కాలవ గట్ల మీద మేపేవారు. అప్పుడు గొలుసు ఉండదు. జమున, చిట్టి కలిసి తిరిగేవి, గంగ విడిగా ఉండేది. మిరపకాయ అమ్ముడుపోయి జనం చేతిలో డబ్బు ఆడే ఎండాకాలంలో సర్కస్ ప్రత్తిపాడు వచ్చేది. ఏనుగులను ఈ మిల్లు ఆవరణలోనే కట్టేవారు. సిమెంటులో పాతిన మూడు రైలుపట్టా ముక్కలు వాటికి గుంజలు. తూర్పు గుంజ గంగది, మధ్యది జమునది, పడమటిది చిట్టిది. ఆ నెలల్లో గంగ, జమున ఒకదాని మీద ఒకటి ఒరిగి నిలబడేవి. గంగ తొండం జమున నోట్లో ఉండేది. చిట్టి వాటివైపు తిరిగేది కాదు.

ఖాదర్‌బీ పద్దెనిమిదేళ్లు ఈ రెండు కాలాలూ చూసింది. ఎండాకాలపు స్నేహాన్ని ఆమె లెక్కలోకి తీసుకోలేదు. పక్కన కట్టేస్తే పక్కదానితో కాక ఎవరితో ఉంటుంది అనేది మావటీల మాట. గొలుసు కట్టిన పొత్తు గొలుసుదే, విప్పినప్పటి పొత్తే ఏనుగుది అనేవారు. ఆమె భర్త కూడా అదే అనేవాడు. శరత్‌చంద్రకు అది సబబుగానే తోచింది.

లారీ జమునను, చిట్టిని తీసుకెళ్లింది. డిసెంబరు దాకా గంగ తిన్నది. సాయంత్రాలు ఖాదర్‌బీతో చెరువుకు నడిచి వెళ్లి నీళ్లలో పడుకునేది.

జనవరిలో వాగు ఎండింది. మిరప మొదటి కోత మొదలైంది.

మిల్లు గేటు నుంచి గుంటూరు రోడ్డు దాకా అర కిలోమీటరు సిమెంటు దారి. దానికి రెండు పక్కలా కల్లాలు పడ్డాయి. కోసిన కాయను నేల మీద పరిచి ఎండబెట్టే చోటు కల్లం. నేల చాలనివాళ్లు దారి మీదే పోశారు. కాయను పగలు తిరగేస్తారు, సాయంత్రం మంచు పడకుండా పట్టాలు కప్పుతారు. తిరగేసినప్పుడు ఘాటు లేస్తుంది. మూతికి గుడ్డ కట్టుకోకుండా అటు నడిచేవాళ్లు లేరు. గంగ మొదటి రోజు గేటు దాటి నాలుగడుగులు వేసింది. తొండం చుట్టి నోట్లో పెట్టుకుని వెనక్కి తిరిగింది. మళ్లీ గేటు దాటలేదు. ఖాదర్‌బీ చెరువు నీళ్లు డ్రమ్ముల్లో తెప్పించడం మొదలుపెట్టింది.

జనవరి చివరికి చొప్ప సగం మిగిలేది. ఫిబ్రవరిలో మొత్తం మిగిలింది.

మిల్లు రామాంజనేయులుది. తండ్రి నడిపిన మిల్లు. ఆరేళ్ల క్రితం మూసేసి, ఎనిమిదెకరాల మిరప మీద పడ్డాడు. ఆవరణలో సగం తన కల్లంగా వాడుకుంటున్నాడు. మిగతా సగం ఏనుగుది. ఏడో తేదీ ఆయన వచ్చి గేటు దగ్గర నిలబడి కేకేశాడు.

"ఏమ్మా ఖాదర్‌బీ, రెండో కోత మీద పడింది. కాయ యాడ పొయ్యాల? నీ నెత్తిన పొయ్యాలా? దాన్ని ఆ మూలకి జరుపు."

"జరగటంలేదండీ. నిన్నట్నుంచీ అక్కడే ఉంది."

"కట్టేశావా?"

"గొలుసులు నిరుడే సార్‌వాళ్లు పట్టుకుపోయారండీ."

ఆయన దగ్గరికి వెళ్లి ఏనుగు కాళ్లవైపు చూశాడు. చుట్టూ తిరిగి మళ్లీ చూశాడు.

"మరి కట్టేసినట్టు నుంచుందేంది?"

ఖాదర్‌బీ అప్పుడు చూసింది. ఆవరణలో సగం ఖాళీగా ఉండగా గంగ తూర్పు గుంజ దగ్గర నిలబడింది. మధ్య గుంజ పక్కన ఒక ఏనుగు పట్టేంత చోటు వదిలింది. తొండం చాచి ఆ రైలుపట్టా ముక్కను అడుగు నుంచి పై దాకా తడిమింది. తొండం కొస నోట్లో పెట్టుకుంది. మళ్లీ చాచింది.

ఆమె మేతను తీసి పడమటి గోడ నీడలో వేసింది. గంగ అటు రాలేదు. బెల్లం చూపించి పిలిచింది. రాలేదు.

"నేనే తప్పు చెప్పానండీ" అంది ఖాదర్‌బీ.

"ఎవరికి?"

"ఆ సార్‌కి. గొలుసు వల్ల కాదు. దానికి ఎండాకాలం జమున కావాల."

"ఎండాకాలం ఒకరు, వానాకాలం ఒకరా? బాగుంది దాని కాపరం" అన్నాడు రామాంజనేయులు. నవ్వలేదు. తన కల్లం వైపు చూసి వెళ్లిపోయాడు.

పశువైద్యురాలు ఆశ్రిత మర్నాడు వచ్చింది. కనురెప్పలు ఎత్తి చూసింది. పేడ లేదు. కణతలు లోపలికి పోయాయి.

"జ్వరం లేదు, నోట్లో పుండ్లు లేవు. తినకపోవడమే జబ్బు. ఇది పడుకోకుండా చూడండి ఖాదర్‌బీ. ఈ వయసులో పడుకుంటే లేపలేం."

"శిబిరానికి పంపించండి డాక్టరమ్మా. అక్కడికెళ్తే తింటది."

"ప్రయాణానికి నేను సర్టిఫికెట్ ఇవ్వాలి. మేత తినని ఏనుక్కి ఇవ్వకూడదు. దార్లో లారీలో కూలబడితే అక్కడే పోతుంది. తిననివ్వండి, పంపిస్తా."

"పంపితే తింటదమ్మా."

"తింటే పంపుతానండీ."

ఆశ్రిత సంచి మూసి, మళ్లీ తెరిచి, బలానికి సూది వేసింది. "ఎన్నాళ్లు నిలబడగలదో చెప్పలేను. నెల అయితే కష్టం" అంది.

ఖాదర్‌బీ ఊళ్లో టెలిఫోన్ బూతుకు వెళ్లి శరత్‌చంద్రకు ఫోన్ చేసింది. జమున ఎలా ఉందని అడిగింది.

"తింటోంది. కానీ చిట్టితో ఉండటం లేదు. కొత్త సంవత్సరం వచ్చిన దగ్గర్నించీ వేరేగా తిరుగుతోంది. మా వాళ్లు పోట్లాడుకున్నాయనుకున్నారు" అన్నాడతను.

ఆమె గంగ సంగతి చెప్పింది. డాక్టరు మాట చెప్పింది. తర్వాత అడగాల్సింది అడిగింది.

"జమునని ఇక్కడికి తెస్తారా సార్?"

అతను ఆ మాట మళ్లీ చెప్పించుకున్నాడు.

"నువ్వేం అడుగుతున్నావో తెలుస్తోందా? ఇక్కడ అడివుంది, కుంట ఉంది. ఒంటి మీద తాడు లేదు. దాన్ని తీసుకొచ్చి మళ్లీ ఆ గోడల మధ్య పెట్టమంటున్నావు. మళ్లీ ఎప్పుడు వెనక్కి తేగలనో నేను మాట ఇవ్వలేను."

"తెలుసు సార్."

"ఆలోచించుకుని రేపు చెయ్యి."

ఆమె మిల్లుకు తిరిగొచ్చేసరికి రామాంజనేయులు కల్లంలో కూలీలు తాలు ఏరుతున్నారు. రంగు చెడి తెల్లబడిన కాయను తాలు అంటారు. ముఠా మేస్త్రీ బసవమ్మ మూతి మీద గుడ్డ కిందికి లాగి పిలిచింది.

"ఏమే, అట్టా ఉన్నావు? నువ్వు కూడా తినటం మానేశావా?"

ఖాదర్‌బీ గట్టు మీద కూర్చుని జరిగింది చెప్పింది.

"దీనికింత చెప్పాలా" అంది బసవమ్మ. "మా సంగతి చూడు. మిరప కోతలప్పుడు ఈళ్లూ నేనూ ఒక ముఠా. ఒక ముంతలో నీళ్లు తాగుతాం. వానాకాలం పొన్నూరు నాట్లకి పోతానా, అక్కడ నా ముఠా వేరు. అప్పుడు ఈళ్ల మొహం నేను చూడను, నా మొహం ఈళ్లు చూడరు. చచ్చిపోతున్నామా?"

"నువ్వు చూడకపోతేనే నాలుగు మెతుకులు ఎక్కువ తింటాం" అంది వెనక నుంచి ఒకామె. అందరూ నవ్వారు.

"కూలి కోసం పోతావు నువ్వు. ఏనుగు కూలికొచ్చిందా?" అంది ఖాదర్‌బీ.

"మరి నువ్వు దేనికి పెంచావు? పద్దెనిమిదేళ్లు దాంతో చేయించింది కూలి కాదా?"

ఖాదర్‌బీ గంగ వైపు తిరిగింది. బసవమ్మ రెండు తాలు కాయలు ఏరి బుట్టలో వేసింది.

"సరే, మాట వరసకన్నా. ఆ రెండోదాన్ని పట్టుకొస్తే ఇది బతుకుద్దా?"

"బతుకుద్ది."

"అది?"

"గేటు బయట కల్లాలున్నయ్యి. అదీ ఇందులోనే ఉండాల."

"ఎన్నాళ్లు?"

"ఆ సార్‌కే తెలీదంట."

గంగ మధ్య గుంజను తడుముతూనే ఉంది. ఖాదర్‌బీ ఆ సాయంత్రం చొప్పను పిడికెడు పిడికెడుగా దాని నోటికి అందించింది. కొంత నమిలి జారవిడిచింది. మర్నాడు ఆమె బూతుకు వెళ్లి, తీసుకురండి సార్ అని చెప్పింది.

అనుమతి రావడానికి రెండు వారాలు పట్టింది. ఈలోగా దారి సంగతి తేలాలి. దారిలో ఉన్న తూము లారీ బరువు మోయదు. జమున గుంటూరు రోడ్డు మీద దిగి నడిచి రావాలి. దారి మీద, పక్కన ఉన్న కాయను పోగుచేసి కప్పాలి. ఎండకుండా పోగుచేస్తే కాయ మెత్తబడి తాలు అవుతుంది. కల్లాల రైతులు ఒప్పుకోలేదు. రామాంజనేయులు కూడా ముందు ఒప్పుకోలేదు.

"ఏనుగు తినకపోతే ఏనుగు పోతది. కాయ ఎండకపోతే నేను పోతాను. నాకెవరు సూది వేస్తారు?" అన్నాడు.

"ఏనుగు మీ ఆవరణలోనే పోతదండీ" అంది ఖాదర్‌బీ.

ఆయన గంగ వైపు చూశాడు. గేటు వైపు చూశాడు. తర్వాత గోడ పొడవునా నడిచి వచ్చాడు.

"పోతే ఎట్టా తీస్తారు దీన్ని?"

"తియ్యరండీ. ఇక్కడే గొయ్యి తవ్వుతారు. దానికి మిషను రావాల."

ఆ సాయంత్రం ఆయనే కల్లాల రైతుల దగ్గరికి వెళ్లాడు. "ఒరేయ్, ఒక్క పూట. చచ్చిన ఏనుగు వాసనలో ఎండిన కాయ ఏ యార్డులో కొంటారో మీరే చెప్పండి" అన్నాడు. వాళ్లు తిట్టుకుంటూ ఒప్పుకున్నారు.

ఫిబ్రవరి ఇరవై నాలుగున తెల్లవారేసరికి దారి ఊడ్చారు. కాయను రెండు పక్కలా కుప్పలు చేసి పట్టాలు కప్పారు. ట్యాంకరుతో దారి తడిపారు. లారీ వచ్చేసరికి ఎండ ఎక్కింది. వెనక తలుపు దించారు. జమున వెనక్కి నడిచి దిగింది. ఖాదర్‌బీ పేరు పెట్టి పిలిస్తే తొండం ఆమె మెడ చుట్టూ వేసి వాసన చూసింది.

రోడ్డు నుంచి దారిలోకి మలుపు తిరిగాక జమున ఆగింది. పట్టాల కింద కాయ ఉన్నా ఘాటు ఉంది. తొండం చుట్టుకుంది. చెవులు విప్పి వెనక్కి అడుగు వేసింది. ఖాదర్‌బీ అంకుశం తీసుకురాలేదు. రైతులు గట్ల మీద నిలబడి చూస్తున్నారు.

"ఇంకా ఎంతసేపమ్మా? కాయ ఉడుకుతోంది లోపల" అని ఒకాయన అరిచాడు.

అప్పుడు మిల్లు వైపు నుంచి శబ్దం వచ్చింది. మిల్లు గేటు దగ్గర ఉన్న బసవమ్మ మోటారు వేశారనుకుంది. ఆ మిల్లులో మోటారు తీసేసి ఆరేళ్లయింది. శబ్దం ఆగింది, మళ్లీ వచ్చింది. జమున తల ఎత్తి నిలబడింది. దాని గొంతులోంచి అదే శబ్దం బయటికి వచ్చింది.

తర్వాత అది నడిచింది. నడక పెరిగింది. తూము దగ్గర ఒక కుప్ప మీద కాలు వేసి పట్టా చింపింది. కాయ దారి మీదికి జారింది. జమున ఆగలేదు. గేటులోంచి వెళ్లి, రామాంజనేయులు కల్లం అంచు తొక్కి, మధ్య గుంజ దగ్గరికి వెళ్లి నిలబడింది. గంగ తొండం దాని నోట్లో పెట్టింది. రెండూ అరిచాయి. గోడల మీది కాకులు లేచాయి. రెండింటి కణతల నుంచి నీరు కారింది.

మధ్యాహ్నం జమున ముందు చొప్ప వేశారు. గంగ అందులోంచి ఒక పిడి తీసి తిన్నది. ఖాదర్‌బీ దూరంగా కూర్చుంది. గంగ ఇంకో పిడి తీసింది. సాయంత్రానికి కుప్ప అయిపోయింది.

సాయంత్రానికే దారి మీద మళ్లీ కాయ పోశారు. గేటు మూశారు.

మార్చి, ఏప్రిల్ రెండు ఏనుగులూ గుంజల దగ్గరే ఉన్నాయి. ఎవరూ కట్టలేదు. రామాంజనేయులు రెండో కోత కాయ సగం పొలంలోనే ఎండబెట్టుకున్నాడు. తొక్కిన కాయకు ఎవరిని అడగాలని రోజూ అడిగాడు, ఎవరూ చెప్పలేదు. ఆయన భార్య వెంకటరావమ్మ మాత్రం రెండు రోజులకోసారి గంజి బిందె పంపింది. ఏప్రిల్ చివర ఆశ్రిత వచ్చి గంగకు, జమునకు సర్టిఫికెట్లు రాసింది. ఖాదర్‌బీ వాటిని పట్టుకుని బూతుకు వెళ్లింది. శరత్‌చంద్రకు బదిలీ అయింది. కొత్త అధికారి ఫైలు చూడాలన్నాడు. శిబిరం నుంచి ఒక ఏనుగు ఎందుకు బయటికి వచ్చిందో ముందు తనకు అర్థం కావాలన్నాడు. ఆమె చెప్పింది.

"ఎండాకాలం ఒక స్నేహం, వానాకాలం ఒక స్నేహమా?" అన్నాడతను.

"అవును సార్."

"అలాగని రాయలేనమ్మా."

మే నెలలో కల్లాలు ఎత్తేశారు. కాయ గుంటూరు వెళ్లింది. దారి ఖాళీ అయింది. ఖాదర్‌బీ ఏనుగులను చెరువుకు తోలుకెళ్లింది. చెరువులో బురద తప్ప లేదు. వెనక్కి తీసుకొచ్చింది.

జూన్ రెండో వారంలో మొదటి వాన పడింది. తెల్లవారి ఖాదర్‌బీ లేచి చూసేసరికి మధ్య గుంజ దగ్గర జమున లేదు. గేటు దగ్గర, చిట్టి ఉన్న శిబిరం నుంచి లారీ వచ్చిన దారి వైపు తిరిగి నిలబడి ఉంది. గేటు ఇనుప ఊచల మధ్య నుంచి తొండం బయట పెట్టింది. గంగ ఆవరణ అవతలి మూలలో, దానికి వీపు పెట్టి, గోడ వారన మొలిచిన గడ్డి మేస్తోంది.

రామాంజనేయులు గొడుగుతో వచ్చాడు.

"ఏంది, పోట్లాడుకున్నాయా?"

"లేదండీ. వానొచ్చింది."

ఆయన జమున పక్క నుంచి గేటు తెరిచి లోపలికి వచ్చాడు. మళ్లీ గేటు మూసి గడియ పెట్టాడు.

ఆ ఉదయం ఖాదర్‌బీ చొప్పను రెండు కుప్పలుగా వేసింది. ఒకటి మూలలో, ఒకటి గేటు దగ్గర. సాయంత్రానికి మూలలో కుప్ప అయిపోయింది. గేటు దగ్గర కుప్ప వేసిన చోటే ఉంది.